చంద్రయానా, చెరువు పూడికా?

(జాతీయ అంతరిక్ష దినోత్సవం నాటి సాయంత్రం అనంతపురంలో ఒక విశ్రాంత ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను పరీక్ష పెట్టనులే.

నాకిచ్చిన విషయం మీకు తెలుసు. దేశంలో ఇంత పేదరికం పెట్టుకుని ఆకాశంలోకి డబ్బు పంపడం న్యాయమా? చంద్రయానా, చెరువు పూడికా? 2023లో ఇదే ఆగస్టు 23న సాయంత్రం ఆరు దాటాక చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగింది. సరిగ్గా ఆ రోజునే ఈ ప్రశ్న పెట్టారు చూడండి, అది నాకు నచ్చింది. పండగ రోజు లెక్క అడక్కూడదని ఎక్కడా లేదు.

ముందు లెక్క చూద్దాం. నేను ఎకనామిక్స్ చెప్పినవాణ్ని, లెక్క లేకుండా నాకు నోరు రాదు. 2024-25 కేంద్ర బడ్జెట్ సుమారు 48 లక్షల 20 వేల కోట్లు. అందులో అంతరిక్ష శాఖకు 13 వేల కోట్ల చిల్లర. అంటే కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల్లో 27 పైసలు. అదే ఏడాది ఉపాధి హామీకి 86 వేల కోట్లు. ఆహార సబ్సిడీకి రెండు లక్షల కోట్లు దాటింది. ఎరువుల సబ్సిడీకి లక్షా 64 వేల కోట్లు. అంటే పేదల నోటి దగ్గర కూడు లాక్కుని రాకెట్టులో పోస్తున్నారనే మాట అంకెల్లో నిలబడదు.

చంద్రయాన్-3కి అయిన ఖర్చు సుమారు 615 కోట్లు. దాన్ని 140 కోట్ల మందికి పంచితే తలకు ఎంత? నాలుగు రూపాయల నలభై పైసలు. "సార్, టీ కూడా రాదు కదా, దీనికి ఇంత గొడవేంది?" అంటారు. టీవీలో చాలామంది అనేశారు కూడా. చప్పట్లు కొట్టించుకునే లెక్క ఇది.

కానీ నేను ఈ లెక్కను నమ్మను. ఎందుకు నమ్మనంటే, 140 కోట్లతో భాగిస్తే ఏ ఖర్చయినా చిన్నదైపోతుంది. ఎంత పెద్ద దుబారా అయినా తలకు రూపాయో రెండు రూపాయలో అయిపోతుంది. అదే 615 కోట్లను ఇంకో రకంగా భాగిద్దాం. మన ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 40 లక్షల 80 వేలు. మన జిల్లాకే ఇస్తే తలకు పదిహేను వందల రూపాయలు. అయిదుగురున్న ఇంటికి ఏడున్నర వేలు. ఇప్పుడు చిన్నదా? ఉపాధి హామీలో 2024-25కి మన రాష్ట్రంలో రోజు కూలి 300 రూపాయలు. ఆ కూలి లెక్కన 615 కోట్లంటే రెండు కోట్ల పైచిలుకు పనిదినాలు. బెంగళూరు బస్సెక్కే వలస కూలీకి ఇది చిన్న అంకె కాదు.

అంటే ఏమన్నమాట? డబ్బు అదే. భాగించే సంఖ్యను బట్టి చిన్నదవుతుంది, పెద్దదవుతుంది. రెండు పక్కలవాళ్లూ తమకు అనువైన సంఖ్యతో భాగించి మనల్ని నమ్మిస్తున్నారు. కాబట్టి ఎంత ఖర్చయింది అన్నదొక్కటే అడిగితే ఈ తగువు తెగదు. ఇంకో ప్రశ్న అడగాలి. అక్కడ పెట్టకపోతే ఆ డబ్బు ఇక్కడికి వచ్చేదా?

దీనికి ఊహ అక్కర్లేదు. అమెరికావాళ్లు చేసి చూశారు. 1969 జూలై 15. అపోలో-11 మర్నాడు ఎగరాలి. మార్టిన్ లూథర్ కింగ్ తర్వాత ఆయన ఉద్యమాన్ని నడిపిన రాల్ఫ్ అబెర్నాతీ అని ఒక పాస్టర్ ఉన్నాడు. పేద కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచర గాడిదలు కట్టిన బండితో కెన్నెడీ స్పేస్ సెంటర్ దగ్గరికి వచ్చాడు. లోపల రాకెట్టు, బయట గాడిదల బండి. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికి వచ్చి ఆయనతో మాట్లాడాడు. రేపు బటన్ నొక్కకపోతే మీ సమస్య తీరుతుందంటే నొక్కం అన్నాడు. ఆ కుటుంబాల్లో కొందరికి ప్రయోగం చూసే ఏర్పాటు కూడా చేశాడు. ఆ పెద్దమనిషి మాటలో నిజాయితీ ఉందనే నా అభిప్రాయం. కానీ సీటిచ్చి రాకెట్టు చూపించడం ఆ ప్రశ్నకు జవాబవుతుందా? మీరే చెప్పండి.

తర్వాత ఏమైంది? 1966లో అమెరికా కేంద్ర బడ్జెట్లో నాసా వాటా నాలుగు శాతం పైన ఉండేది. మన 27 పైసలతో పోల్చి చూడండి, వాళ్లది వందకు నాలుగు డాలర్లకు పైనే. 1970లో మిగిలిన చంద్రయాత్రలు కొన్ని రద్దు చేశారు. 1972 డిసెంబరులో అపోలో-17తో మనుషులు చంద్రుడి మీదికి పోవడం ఆగిపోయింది. 1975 నాటికి నాసా వాటా ఒక శాతానికి దిగింది. అంటే అబెర్నాతీ అడిగినట్టే, ఇంచుమించు, డబ్బు ఆపేశారు. మరి పేదరికం? 1969లో అమెరికాలో పేదలు 12.1 శాతం. 1975లో 12.3 శాతం. ఆకాశంలో మిగిలిన డబ్బు నేలకు దిగలేదు. అది ఎటు పోవాలో అటు పోయింది. దీన్ని బట్టి నాసాకు అంత ఇవ్వడం మంచిదని నేననను. డబ్బు ఒకచోట ఆపితే ఇంకోచోటికి తనంతట తానే నడిచిపోదు, దాన్ని నడిపించే చేతులు వేరే ఉండాలి. నేను చెప్పేది ఇంతే.

అదే 1969లో ఇంకో రెండు జరిగాయి. ఆగస్టు 15న ఇస్రో పుట్టింది. మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టిన ఒక స్పెయిన్ దేశస్థుడు అదే ఏడాది మన అనంతపురానికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయనెవరో ఈ ఊళ్లో నేను చెప్పాలా? ఫాదర్ ఫెర్రర్. ఆయన పెట్టిన ఆర్డీటీ, అదే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, కట్టిన ఇళ్లలో పెరిగినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. బత్తలపల్లిలో వాళ్ల ఆసుపత్రికి పోయినవాళ్లయితే చెప్పనే అక్కర్లేదు.

ఇస్రో లేకపోతే ఫెర్రర్‌కు డబ్బొచ్చేదా? రాదు. ఫెర్రర్ లేకపోతే ఇస్రో ఇంకో రాకెట్టు వదిలేదా? అదీ లేదు. సత్యసాయి ట్రస్టు 1990ల్లో మన జిల్లాలో ఏడొందలకు పైగా ఊళ్లకు తాగునీళ్లిచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన ఊళ్లున్న జిల్లా ఇది. ఆ పని ప్రభుత్వం చేయలేకపోవడానికి శ్రీహరికోట కారణమా? ఎవరైనా అలా అంటే నేను ఒప్పుకోను. శ్రీహరికోట మూసేసినా ఆ నీళ్లు వచ్చేవి కావు.

శ్రీహరికోట మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఆ దీవిలో రాకెట్లకన్నా ముందు యానాదులు ఉండేవాళ్లు. చేపలు, తేనె, అడవి దినుసులు, అదే వాళ్ల బతుకు. రాకెట్ కేంద్రం కోసం వాళ్లను అక్కడి నుంచి తరలించారు. ప్రయోగం జరిగిన ప్రతిసారీ కౌంట్‌డౌన్ చూపిస్తారు, వాళ్ల సంగతి ఒక్కసారీ చూపించరు. ఖర్చు పద్దులో ఆ పేజీ ఉండదు. ఉండాలంటాను నేను.

సరే. ఇంతసేపూ ఇస్రో తరఫున మాట్లాడాడా, వ్యతిరేకంగా మాట్లాడాడా అని మీకు టెన్షన్‌గా ఉండొచ్చు. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. అధికారికంగానే పదివేల మంది దాకా పోయారు. మనకు దూరమే, మనం కరువు వైపు, వాళ్లు తుపాను వైపు. కానీ ఆ శవాల ఫొటోలు పేపర్లో చూసిన తరం మాది. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చింది. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం మీద. చాలా తీవ్రమైన తుపాను. సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. వేలు ఎక్కడ, పదులు ఎక్కడ?

దీనికంతా ఉపగ్రహమే కారణమంటే నేను ఒప్పుకోను. ఇన్సాట్ పైనుంచి తుపాను కన్ను చూస్తుంది, నిజమే. కానీ కన్ను చూస్తే సరిపోతుందా? ఆ చూసింది వాతావరణ శాఖకు రావాలి. అక్కణ్నుంచి కలెక్టరుకు, ఎమ్మార్వోకు, ఊరి సర్పంచుకు రావాలి. తీరంలో హెచ్చరిక వినిపించే పెట్టెలు పెట్టారు, ఉపగ్రహం నుంచి నేరుగా అక్కడి భాషలోనే చెప్పేవి. షెల్టర్లు కట్టారు. షెల్టరు దాకా రోడ్డు వేశారు. ముసలమ్మను బుజ్జగించి, మేకను కూడా వెంట తెచ్చుకోనిచ్చి, బస్సెక్కించే మనిషిని పెట్టారు. ఈ వరుసలో ఒక్కటి తెగినా ఆకాశంలో కోట్ల ఉపగ్రహం ఉండి ప్రయోజనం ఏముంది? తీరంలో ఆ వరుస పూర్తయింది. అందుకే మనుషులు బతికారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన దగ్గర ఆ వరుస ఎక్కడ తెగింది?

బోరు దగ్గర. బోరు వేయించని రైతు ఇంటినుంచి వచ్చినవాళ్లు ఎంతమంది ఇక్కడ? చేతులెత్తండి. చూడండి, ఒక్క చెయ్యీ లేవలేదు. బోరు ఎలా వేస్తారో పట్నం పిల్లల కోసం చెబుతాను. పాయింటు చూసే ఆయన పొద్దున్నే వస్తాడు. పీచు తీయని కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ సున్నంతో గుర్తు వేస్తాడు. టెంకాయ కొట్టి, ఊదొత్తులు వెలిగించి, బోరు బండిని నిలబెడతారు. ఇక దుమ్ము. తెల్లటి బండ దుమ్ము, చెట్ల మీద, మనుషుల కనురెప్పల మీద. మూడొందల అడుగులు, తడి లేదు. అయిదొందలు, లేదు. బండి మీది కుర్రాడు అరుస్తాడు, "ఇంకో వంద దించమంటావా అన్నా?" అని. అడుగుకింత లెక్క, లోతుకు పోయే కొద్దీ రేటు పెరుగుతుంది. అన్న ఏమంటాడు? ఇంతదాకా పెట్టింది పోతుందని, దించమంటాడు. అప్పు అక్కడ పెరుగుతుంది, రాత్రి రెండు గంటలప్పుడు, ట్యూబ్‌లైటు వెలుగులో.

ఇదే చేను గురించి మన ఉపగ్రహానికి ఏమీ తెలియదా? తెలుసు. మనది గట్టి రాతి నేల, గ్రానైటు. ఇందులో నీళ్లు ఇసకలో ఉన్నట్టు అంతటా ఉండవు. బండ పగుళ్లలో ఉంటాయి. ఆ పగుళ్లు పైనుంచి తీసిన ఫొటోలో పొడుగాటి గీతల్లా కనిపిస్తాయి. పూడిపోయిన పాత వాగుల దారులు కూడా కనిపిస్తాయి. 1988 మార్చి 17న నేల ఫొటోలు తీసే మొదటి ఐఆర్‌ఎస్ ఉపగ్రహం పైకి పోయింది. తర్వాత హైదరాబాదులోని ఎన్నార్‌ఎస్‌సీ, అంటే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్లు తాగునీటి పథకాల కోసం దేశమంతా భూగర్భజల అవకాశాల పటాలు తయారుచేశారు. అంటే పటం ఉంది. కానీ చేలో నడుస్తున్నది కొబ్బరికాయ.

రైతు మూఢనమ్మకం అని నవ్వుకునే ముందు ఒక నిమిషం ఆగండి. ఆ పటం ఒకటికి యాభై వేల స్కేలులో ఉంటుంది. పటంలో ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. రెండెకరాల రైతు చేను దాంట్లో పెన్ను చుక్కంత. ఈ ప్రాంతంలో నీటి అవకాశం ఉందని పటం చెబుతుంది గానీ, ఈ గట్టు పక్కన వెయ్యమని చెప్పదు. అది చెప్పాలంటే ఒక జియాలజిస్టు పటం పట్టుకుని చేలోకి రావాలి. నేలలోకి కరెంటు పంపి రాతి నిరోధం కొలిచే యంత్రం తేవాలి. ఆ మనిషి మండలానికొకడు ఉన్నాడా? రైతు పిలిచిన రోజు వస్తాడా? రాడు కాబట్టి కొబ్బరికాయ వస్తుంది. కొబ్బరికాయ పిలిస్తే పలుకుతుంది అప్పా! అదీ దాని గొప్ప.

ఉపగ్రహానికి వందల కోట్లు పెట్టి, దాని కబురు చేనుదాకా మోసే మనిషికి జీతం పెట్టలేకపోవడం. నా కోపం ఇక్కడ. చంద్రయాన్ మీద కాదు. ఆకాశంలో పెట్టిన డబ్బు ఎక్కువ కాదు, దాని చివరి వంద అడుగులకు పెట్టింది తక్కువ. రెండూ ఒకే జేబులోంచి రావాలని కూడా నేననను. ఒక ఉపగ్రహాన్ని మంజూరు చేసిన రోజే దాని కబురు ఎవరు ఎక్కడిదాకా మోస్తారు, వాళ్ల జీతం ఏ పద్దులో ఉంది అని పార్లమెంటులో ఎవరైనా అడగాలి. మన ఎంపీలు అడగొచ్చు కదా?

ఇస్రో దగ్గర ఇంకో మంచి అలవాటుంది. 1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్‌ఎల్వీ రాకెట్టు సముద్రంలో పడింది. కమిటీ వేశారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు పట్టుకున్నారు, సరిదిద్దారు. 1994 అక్టోబరులో రెండోది ఎగిరింది. 1979లో ఎస్‌ఎల్వీ పడిపోయిన కథ మీరు వందసార్లు విన్నారు, మళ్లీ చెప్పను. ఇప్పుడు చెప్పండి, మన జిల్లాలో బోరు ఎండితే కమిటీ వేసినవాడు ఉన్నాడా? ఫలానా ఊళ్లో ఏడు బోర్లలో ఆరు ఎందుకు ఎండాయి, ఎంత లోతులో ఏం తగిలింది అని రాసిపెట్టిన పుస్తకం ఏ ఆఫీసులోనైనా చూశారా? అది రాసుంటే పక్క చేను రైతు ఎనిమిదోది వేసేవాడు కాదు. దానికి కోట్లు అక్కర్లేదు. నోటుబుక్కు చాలు, అడిగే మనిషి చాలు.

డబ్బు గురించే అనుకుంటున్నవాళ్ల కోసం 2013 సంగతి ఒకటి. ఆ నవంబరు 5న మంగళ్‌యాన్ ఎగిరింది, 450 కోట్లు. డిసెంబరు 1న భూమి కక్ష్య వదిలి అంగారకుడి దారి పట్టింది. సరిగ్గా అయిదు రోజులకు, డిసెంబరు 6న, మనుషులతో మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగు గుంతల్లో దింపడాన్ని నిషేధించే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. మంగళ్‌యాన్ 2014 సెప్టెంబరు 24న చేరాల్సిన చోటికి చేరింది, మొదటి ప్రయత్నంలోనే. చట్టం ఇంకా చేరలేదు. ఇప్పటికీ మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోతున్నారు, పేపర్లో లోపలి పేజీలో వస్తుంది. ఇక్కడ అడ్డం వచ్చింది డబ్బా? ఎవరు దిగుతున్నారో చూడండి, ఏ కులంవాళ్లు దిగుతున్నారో చూడండి, జవాబు దొరుకుతుంది. ఇస్రో బడ్జెట్టంతా తెచ్చి మున్సిపాలిటీలో పోసినా, దింపేవాడి మీద కేసు పెట్టే ధైర్యం లేకపోతే ఆ చావులు ఆగవు.

మంగళ్‌యాన్ అప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో ఒక కార్టూన్ వచ్చింది. దొరలు కూర్చున్న క్లబ్బు తలుపును ఒక భారతీయ రైతు ఆవుతో వచ్చి తడుతుంటాడు. మనకు కోపమొచ్చింది, వాళ్లు క్షమాపణ చెప్పారు. కోపం న్యాయమే. కానీ ఆ రైతూ ఆవూ అబద్ధం కాదు కదా, కణేకల్లు పోయినా, కళ్యాణదుర్గం పోయినా కనిపిస్తారు.

ఇప్పుడు మీలో కొంతమందికి నచ్చని మాట. ఇస్రో చేసేదంతా ఒక్క మూటగా కట్టి మెచ్చుకోవడానికి నేను ఒప్పుకోను. వాతావరణ ఉపగ్రహం, పంట చూసే ఉపగ్రహం, వీటికి ఇప్పుడిచ్చే దానికన్నా ఎక్కువ ఇవ్వాలి. శుక్రుడి మీదికి పోయే యాత్రకు 2024లో 1,236 కోట్లు మంజూరు చేశారు, ఇవ్వనీ. ఏం దొరుకుతుందో తెలియని చోట వెతకడమే సైన్సు, పేద దేశమైనంత మాత్రాన మన పిల్లలు ఆకాశం గురించి ప్రశ్న అడక్కూడదా? కానీ గగన్‌యాన్? మనిషిని పంపడం? మొదట పదివేల కోట్ల లోపన్నారు, 2024 సెప్టెంబరులో కార్యక్రమాన్ని పెంచి, అంతరిక్ష స్టేషను తొలి భాగం కూడా కలిపి, 20,193 కోట్లన్నారు. చంద్రయాన్-3లు ముప్పై రెండు పంపొచ్చు ఆ డబ్బుతో.

మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ మాట ప్రతి సభలోనూ చెబుతారు, సమాజ సమస్యలకు ఆధునిక సాంకేతికతను వాడడంలో మనం ఎవరికీ తీసిపోకూడదని. గోడల మీద కూడా రాస్తారు. దానికి ముందు ఆయన ఏమన్నాడు? చంద్రుడి మీదికి, గ్రహాల మీదికి, మనుషులతో అంతరిక్షంలోకి పోవడంలో సంపన్న దేశాలతో పోటీ పడాలన్న భ్రమ మాకు లేదన్నాడు. ఆ ముందు సగం గోడ మీద ఎవరూ రాయరు. కాలం మారింది, ఆయన ఉంటే మనసు మార్చుకునేవాడేమో. మార్చుకోవచ్చు. కానీ మార్చుకోవడానికి కారణం చెప్పాలి కదా? గగన్‌యాన్ వద్దని నేను ఈ రోజు తీర్పు ఇవ్వను. కారణం నాకింకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు, దేశం పరువు అన్న మాట తప్ప. ఇరవై వేల కోట్లకు ఆ ఒక్క మాట నాకు చాలదు.

ఈ హాల్లో సైన్సు పిల్లలు, రైతుల పిల్లలు ఇద్దరూ ఉన్నారు, కొందరు రెండూనూ. మీ ఫోన్లలో ఇస్రోవాళ్ల భువన్ అని వెబ్‌సైటు తెరవండి. అందులో భూగర్భజల పటాలున్నాయి. మీ ఊరు వెతకండి, గీతలు ఎటు పోతున్నాయో చూడండి. బోరు పాయింటు అక్కడ దొరకదు, ముందే చెప్పాను, ఆశ పెట్టుకోవద్దు. ఈ చేలో మాత్రం వద్దు అని నాయనకు చెప్పడానికి ఒక్కోసారి పనికొస్తుంది. నాయన వినడు, అది వేరే సంగతి.

నేను చాలా సేపు మాట్లాడాను. ఆ మూడో వరుసలో అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తే ఉంది, గగన్‌యాన్ మాట వచ్చినప్పటి నుంచి. కోపంగా కూడా ఉన్నట్టుంది. మైకు ఆమెకివ్వండి. అడుగమ్మా.